పి.సి.ఓ.ఎస్. ఉన్నవారికి సంతానం కోసం ఇచ్చే మాత్రలు

"అండాశయంలో నీటిబుడగలున్నాయట, ఆపరేషన్ చేసి తీసేయాలా సిస్టర్?" స్కాన్ రిపోర్టు పట్టుకొని మా ఓ.పి.కి వచ్చేవారు తరచు అడిగే ప్రశ్న ఇది. అక్కర్లేదమ్మా. అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండం సంచులు. హార్మోన్ల తేడావల్ల అండం నెలనెలా విడుదల కాదు. అందుకే నెలసరి తప్పుతుంది, గర్భం రావడం ఆలస్యమవుతుంది. మాత్రల పని ఆ అండాన్ని విడుదల చేయించడమే.

ఇప్పుడు డాక్టర్లు మొదట రాసేది లెట్రోజోల్. సాధారణంగా నెలసరి వచ్చిన రెండు లేక మూడో రోజునుండి ఐదు రోజులు వాడాలి. పెట్టెలోని కాగితం మీద 'రొమ్ము క్యాన్సర్' అని చదివి, అత్తగారో షాపు కుర్రవాడో భయపెడితే మానేసినవారిని మేము చూశాము. మాట నిజమే, ఈ మందు మొదట వచ్చింది ఆ జబ్బుకే. ఇది ఈస్ట్రోజెన్ తయారీని తగ్గిస్తుంది. కొద్ది రోజులు అది తగ్గగానే మెదడు అండాశయానికి గట్టిగా కబురు పంపుతుంది, అండం ఎదుగుతుంది. మన ప్రభుత్వం 2011లో సంతానం కోసం దీని వాడకాన్ని నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. పాత మాట మాత్రం ఊళ్ళలో ఇంకా తిరుగుతోంది! 2014లో వెలువడిన అమెరికా పరిశోధనలో 750 మంది స్త్రీలకు ఐదు నెలసరుల వరకు మందులిచ్చి చూశారు. లెట్రోజోల్ వాడినవారిలో నూటికి 27 మందికి పైగా బిడ్డను కన్నారు. పాత మందు క్లోమిఫెన్‌తో 19 మందే.

మాత్రలు మింగి ఊరుకోకూడదు. చెప్పిన రోజున స్కాన్‌కు రావాలి. డోసు సరిపోయిందా, ఒకటికి మించి అండాలు ఎదుగుతున్నాయా అన్నది అందులోనే తెలుస్తుంది. కవలల సంగతి నవ్వులాట కాదు. నెలసరి రాకపోతే ముందు గర్భం పరీక్ష చేయించాలి గాని మళ్ళీ మాత్రలు మొదలుపెట్టరాదు. గర్భంలో ఈ మందు పనికిరాదు. తోడికోడలి చీటీతో కొనుక్కోవడం అసలే వద్దు.

కొందరికి మెట్‌ఫార్మిన్ కూడా రాస్తారు. షుగర్ లేకపోయినా రాస్తారు, కంగారుపడకండి. అన్నంతోపాటు వేసుకుంటే కడుపులో వికారం తక్కువ. బరువు ఎక్కువున్నవారు నూటికి ఐదు వంతులు తగ్గినా కొందరిలో నెలసరి దానంతటదే దారికొస్తుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర ముందునుండే వేసుకోవాలి.

ఇంకొక మాట, ఇది మగవారికి. ఆమె ఒక్కతే నెలల తరబడి మందులు మింగి, చివరికి లోపం భర్తలో ఉందని తేలడం మాకు కొత్త కాదు. మొదటి మాత్రకు ముందే వీర్యపరీక్ష చేయించండి. రెండు నుండి ఏడు రోజులు ఎడంగా ఉండి వస్తే చాలు.