నగరము పొలిమేర దాటునప్పుడు

నగరము చుట్టుపట్ల పల్లెలను తనలో కలుపుకొనుటయే భూసేకరణ మని భ్రమించువారు పెక్కుమంది కలరు. కాని విలీనమువలన ఒక్క సెంటు భూమియైనను చేతులు మారదు, మారునది పాలనాధికార మొక్కటియే. 74వ రాజ్యాంగ సవరణచే వచ్చిన 243-క్యూ అధికరణము జనసంఖ్యను, జనసాంద్రతను, స్థానికపాలనకు సమకూరు ఆదాయమును, వ్యవసాయేతర వృత్తులలో నున్నవారి పాలును, ఆర్థిక ప్రాధాన్యమును పరిగణించి, ఏ ప్రదేశము నగరమగునో బహిరంగ ప్రకటనచే నిర్ణయించు అధికారమును గవర్నరునకు, అనఁగా వాస్తవమున రాష్ట్రప్రభుత్వమునకు, ఒసఁగినది. గ్రామస్థుల ఓటు తీసికొనవలెనను నియమ మందు లేదు. ఇది లోపమనియే నా యభిప్రాయము.

విశాఖపట్టణము 2005లో గాజువాకను, 2013లో భీమిలిని, అనకాపల్లిని కలుపుకొన్నది. హైదరాబాదు కథ మరింత పెద్దది: 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లి, మల్కాజిగిరి, రాజేంద్రనగర్ మొదలగు 12 పురపాలక సంఘములు చేరఁగా, అంతవరకు సుమారు 170 చదరపు కిలోమీటర్లుగా నున్న నగరము 600కు మించినది.

పల్లె విలీనమైననాఁడు సర్పంచి పదవి పోవును, పంచాయతీ కార్యాలయపు బోర్డు మారును. రైతు పట్టాదారు పాసుపుస్తకము మాత్రము పెట్టెలో యథాతథముగ నుండును. ఇల్లు కట్టుటకు అనుమతి యికమీఁదట కార్పొరేషనే యీయవలెను. ఇంటిపన్ను రసీదు సైతము దాని పేరనే వచ్చును. పన్ను పెరుగునను భయముకంటె కూలీలను బాధించునది వేఱొకటి: ఉపాధి హామీ గ్రామీణ ప్రాంతములకే పరిమితమగుటచే, వారి చేతిలోని జాబుకార్డు చెల్లకపోవును.