గాదె పెద్దది, మూతి చిన్నది

బియ్యపు గింజ ఒకటి తీసుకుని సగానికి విరవండి. హార్వర్డ్ శాస్త్రవేత్తలు, గూగుల్ నిపుణులు కలిసి ఏళ్ల తరబడి పరీక్షించిన మెదడు ముక్క సుమారు అంతే ఉంటుంది. మూర్ఛ వ్యాధికి ఆపరేషన్ చేసేటప్పుడు ఒక మహిళ మెదడులోంచి తీసిన ముక్క అది. పరిమాణం ఒక ఘన మిల్లీమీటరు. దాన్ని 5 వేలకు పైగా పలచని పొరలుగా కోసి, పొర పొరకూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటోలు తీశారు. లెక్క చూస్తే 57 వేల కణాలు తేలాయి. రెండు నాడీకణాలు కబురు అందించుకునే సందును సినాప్స్ అంటారు. ఆ చిటికెడు ముక్కలో అవి 15 కోట్లు! 2024 మేలో ‘సైన్స్’ పత్రికలో ఈ వివరాలు వచ్చాయి.

ఆ ఫొటోలన్నీ దాచడానికి 1,400 టెరాబైట్ల చోటు పట్టింది. ‘చూశారా, మెదడు ముక్కలో ఎంత జ్ఞాపకం ఉందో’ అని ఆ అంకెను చూపించేవారు కనిపిస్తుంటారు. అది సరికాదు. ఆ చోటు మెదడు బొమ్మ దాచుకోవడానికి మన కంప్యూటర్లకు కావలసి వచ్చింది. మెదడు తనలో ఏం దాచుకుంది, ఎంత దాచుకోగలదు అన్నది వేరే ప్రశ్న. దానికి ఇప్పటిదాకా వచ్చిన జవాబులే ఒక పెద్ద వింత.

రెండు కోట్ల రెట్ల తేడా

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో లెక్క తేల్చింది. ఆమె పద్ధతి వినసొంపుగా ఉండదు గానీ చాలా తెలివైనది. చనిపోయినవారి మెదడును ద్రవంలో కరిగించి పులుసులా చేసి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కపెట్టడం. ఒక్కో కణానికి వేల కొద్దీ సినాప్సులు.

నాడీకణాల మధ్య సంబంధాల లెక్కతో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు పాల్ రీబర్ 2010లో ఒక అంచనా చెప్పారు. మెదడు సామర్థ్యం సుమారు 2.5 పెటాబైట్లు. అంటే 25 లక్షల గిగాబైట్లు. 128 జీబీ ఫోన్లు దాదాపు 20 వేలు పేర్చితే వచ్చే చోటు. టీవీ కార్యక్రమాలు రికార్డు చేస్తే 30 లక్షల గంటలు పడతాయన్నది ఆయన పోలిక. టీవీని రాత్రీ పగలూ ఆపకుండా 300 ఏళ్లకు పైగా నడిపితే గానీ అది నిండదు.

2016లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ నుంచి టెరీ సెజ్నోవ్‌స్కీ, టామ్ బార్టాల్ బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. ఎలుక మెదడులో సినాప్సులను కొలిస్తే వాటి సైజుల్లో 26 మెట్లు కనిపించాయి. సైజు మారితే కబురు బలం మారుతుంది. 26 మెట్లంటే ఒక్కో సినాప్స్‌కు దాదాపు 4.7 బిట్ల సమాచారం. అంతకు ముందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వీళ్ల లెక్కా పెటాబైట్ల దగ్గరకే చేరింది.

ఇప్పుడు రెండో కొస చూడండి. 1986లో థామస్ ల్యాండౌర్ అనే శాస్త్రవేత్త పాత్రను కొలవడం మానేసి, అందులోంచి తిరిగి బయటికొచ్చే సరుకును కొలిచారు. మనుషులు చదివినది, చూసినది, విన్నది కాసేపటికి ఎంత చెప్పగలుగుతున్నారో పరీక్షించి, దాన్ని ఒక జీవితకాలానికి లెక్క కట్టారు. వచ్చింది సుమారు 100 కోట్ల బిట్లు. అంటే 125 మెగాబైట్లు! ఫోన్‌తో తీసిన చిన్న వీడియో కూడా ఇవాళ అంత తూగుతుంది. రీబర్ అంకెకూ ల్యాండౌర్ అంకెకూ తేడా రెండు కోట్ల రెట్లు.

ఇద్దరూ తప్పు చెప్పారని నేను అనుకోను. ఒకరు గాదెను కొలిచారు, ఇంకొకరు దాని మూతి దగ్గర నిలబడి ఎన్ని గింజలు రాలుతున్నాయో చూశారు. మన మెదడు సంగతంతా ఈ తేడాలోనే ఉంది.

సెకనుకు పది

మూతి ఎంత ఇరుకు? మన ఇంద్రియాలు సెకనుకు సుమారు 100 కోట్ల బిట్ల సమాచారం పోగుచేస్తుంటే, మన ఆలోచన, మాట, చేత నడిచే వేగం మాత్రం సెకనుకు దాదాపు 10 బిట్లేనని కాల్‌టెక్ శాస్త్రవేత్తలు 2024 చివర్లో ఒక వ్యాసంలో వాదించారు. 1956లోనే జార్జ్ మిల్లర్ ఏడు అనే అంకె చెప్పారు. మనం ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగే విషయాలు ఏడు, అటూ ఇటూ రెండు. తర్వాతి పరిశోధకులు దాన్ని నాలుగుకు తగ్గించారు.

మరి ఇంత ఇరుకు మూతితో కొందరు జ్ఞాపకశక్తి రికార్డులు ఎలా సాధించారు? దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ జవాబు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడ మామూలు తెలివితేటలున్న ఒక విద్యార్థికి సెకనుకు ఒక అంకె చొప్పున చదివి వినిపించి, తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అందరిలాగే ఏడు అంకెల దగ్గర ఆగిపోయాడు. దాదాపు 20 నెలల్లో మొత్తం 230 గంటల సాధన తర్వాత 79 అంకెలకు చేరాడు. కిటుకు ఏమిటంటే ఆ కుర్రాడు పరుగు పోటీల్లో పాల్గొనేవాడు. 3492 అని వినపడగానే దాన్ని ‘3 నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగులో ప్రపంచ రికార్డుకు దగ్గర’ అని తనకు తెలిసిన చోట తగిలించేవాడు. నాలుగు అంకెలు ఒక్క గింజ అయిపోయాయి. ఆ తర్వాత అంకెలు తీసేసి అక్షరాలు చదివితే అదే కుర్రాడు మళ్లీ ఆరు దగ్గర ఆగాడు! మూతి వెడల్పు కాలేదు. గింజను పెద్దది చేసుకోవడం నేర్చుకున్నాడు, అంతే.

పై (π) విలువలో దశాంశాలు అప్పజెప్పే వీరులది కూడా ఇదే దారి. 1981లో మంగళూరులో రాజన్ మహదేవన్ 31,811 అంకెలు చెప్పారు. 2005లో చైనాకు చెందిన లూ చావో 67,890. 2015 మార్చి 21న వెల్లూరు వీఐటీలో రాజ్‌వీర్ మీనా కళ్లకు గంతలు కట్టుకుని 70,000 అంకెలు చెప్పి గిన్నిస్ రికార్డు సాధించారు. దాదాపు పది గంటలు పట్టింది. చెప్పడానికే అంత సేపు పట్టిందంటే నేర్చుకోవడానికి పట్టిన రోజులు ఊహించుకోవచ్చు.

బొమ్మల విషయంలో మాత్రం మనమంతా రికార్డు వీరులమే. 2008లో ఎంఐటీ పరిశోధకులు కొందరికి 2,500 వస్తువుల ఫొటోలు ఒక్కోటి మూడు సెకన్ల చొప్పున చూపించారు. తర్వాత రెండేసి బొమ్మలు పెట్టి ఏది చూశారో చెప్పమన్నారు. కొత్త వస్తువు పక్కన పెడితే 92 శాతం సరిగ్గా చెప్పారు. అదే వస్తువును వేరే స్థితిలో పక్కన పెట్టినా 87 శాతం తప్పలేదు. ఎన్నడో ఒక్కసారి వెళ్లిన చుట్టాల ఇంటి అరుగు ఇప్పటికీ మన కళ్లకు కట్టినట్టుందంటే అందుకే.

మూతి మూసుకుపోయిన మనిషి

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేశారు. మెదడు లోపల రెండు పక్కలా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలా మేరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ రోజు నుంచి కొత్త విషయం ఏదీ ఆయనకు నిలవలేదు. చిన్ననాటి కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడే పలకరించి వెళ్లిన డాక్టరు మళ్లీ వస్తే మాత్రం కొత్త మనిషే.

బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన ముందు ఒక నక్షత్రం బొమ్మ పెట్టారు. చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలో చూస్తూ గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మొదట పెన్సిల్ ఎటో పోయేది. మూడు రోజుల సాధనలో చెయ్యి చక్కగా తిరిగింది. కానీ ఆ పని ముందెప్పుడూ చేసినట్టే ఆయనకు గుర్తు లేదు. చేతివాటం నేర్చుకునే జ్ఞాపకం వేరే దారిన లోపలికి వెళ్లింది. 2008లో 82 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. మరుసటి ఏడాది శాన్‌డియెగోలో ఆ మెదడును 2,401 పొరలుగా కోసి భద్రపరిచారు. కొత్తది గుర్తుపెట్టుకోలేని మనిషి జ్ఞాపకశక్తి గురించి లోకానికి నేర్పినంతగా ఇంకెవరూ నేర్పలేదు.

అదే హిప్పోక్యాంపస్ వెనక భాగం లండన్ టాక్సీ డ్రైవర్లలో పెద్దదిగా ఉంటుందని ఎలినార్ మెగ్వైర్ 2000లో చూపించారు. అక్కడ లైసెన్సు కావాలంటే సుమారు 25 వేల వీధులు నోటికి రావాలి. పరీక్ష నెగ్గినవారిలోనే ఈ మార్పు వచ్చిందని 2011లో తేలింది. దానికి మూల్యం కూడా ఉంది: ఒక రకం బొమ్మల జ్ఞాపక పరీక్షలో వాళ్లు మిగతావారికంటే వెనకబడ్డారు. 2016లో వేద పండితులు 21 మందిని పరీక్షిస్తే వాళ్ల మెదడులోనూ భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన చోట్ల ఒత్తు ఎక్కువగా కనిపించింది. ఘనపాఠమనే వేదపఠన పద్ధతి తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని ప్రతి మాటనూ ముందుకూ వెనక్కూ అల్లితే, ఒక్కో పదానికి ఎన్ని ముళ్లు పడతాయో చూడండి.

ధారణ

మన దగ్గర జ్ఞాపకాన్ని నలుగురి ముందు పరీక్షకు పెట్టే విద్యకు అవధానమని పేరు. తిరుపతి వేంకట కవులు సంస్థానాల్లో శతావధానాలు చేసి ఊరూరా దీనిమీద మోజు పెంచారు. ఒకసారి ఒక కల్యాణ మండపంలో జరిగిన అష్టావధానంలో నేను మూడో వరసలో కూర్చున్నాను. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఒకరు సమస్య ఇచ్చారు, ఒకరు దత్తపది, అంటే పద్యంలో ఇమడ్చవలసిన పదాలు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఒక్కో అక్షరం దగ్గర దారి మూస్తుంటే, అవధాని పక్క దారి వెతుక్కుంటూ పోతున్నారు. మధ్యలో గంట మోగుతోంది. అప్రస్తుత ప్రసంగి వంటింటి సంగతులు అడిగి నవ్విస్తున్నాడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తులు. చేతిలో కాగితం లేదు, కలం లేదు.

చివరికి ధారణ, అంటే పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం. హాలు నిశ్శబ్దమైంది. అవధాని కళ్లు మూసుకుని ముందు గంటల లెక్క చెప్పారు, సరిపోయింది. తర్వాత ఒక్కో పద్యం మొదటి నుంచి. దత్తపది పద్యం మూడో పాదం దగ్గర ఆగారు. నా పక్కనున్న పెద్దాయన ఊపిరి బిగబట్టడం వినిపించింది. అవధాని తొందరపడలేదు. మొదటి పాదానికి వెళ్లి రెండో అక్షరాన్ని, ప్రాసను, మెల్లగా ఒకసారి పలికారు. రెండో పాదంలోనూ అదే అక్షరం మీద ఒక్క క్షణం నిలిచారు. ఆ కొక్కెం పట్టుకుని మూడో పాదం బయటికొచ్చింది. యతి దగ్గర కూడా ఆగకుండా నాలుగో పాదం చివరి దాకా వెళ్లిపోయారు.