గబ్బిలాలను చూడబోతున్నారా? సంచి సర్దుకోండి!

పిల్లలూ! పక్షులను చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి. గబ్బిలాలకు ఆ కష్టం అక్కరలేదు. పొద్దుగూకే వేళకు ఊరి చివర నిలబడితే చాలు. అయితే సంచిలో కొన్ని వస్తువులు ఉండాలి.

అన్నిటికన్నా ముందు ఓ యాభై చింతగింజలు వేసుకోండి. నవ్వకండి! రావిచెట్టుకో మర్రికో తలకిందులుగా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు చీకటి పడుతుండగా బారులుగా లేస్తాయి. రెక్కలు చాపితే మీటరు దాటుతాయి. అంత పెద్దవైనా, ఒకదాని వెనుక ఒకటి పోతుంటే లెక్క తప్పిపోతుంది. అందుకని పది గబ్బిలాలు దాటగానే ఒక గింజను కుడిజేబులోంచి ఎడమజేబులో వేయండి. చివరికి ఎడమజేబులోని గింజలను పదితో గుణిస్తే సరి! మధ్యలో కళ్లు దించే పని ఉండదు. తేదీ, మొదటి గబ్బిలం లేచిన సమయం, మబ్బు, మొత్తం సంఖ్య రాసుకోవడానికి చేతిగడియారం, నోటుపుస్తకం, పెన్సిలు కావాలి. ఏటా అదే నెలలో అదే చెట్టు దగ్గర లెక్కిస్తే అవి పెరుగుతున్నాయో తరుగుతున్నాయో తెలుస్తుంది.

వాటి లెక్క మనకెందుకంటారా? ఆదిలాబాదు అడవుల్లో ఇప్పచెట్టును తెలియనివారు లేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులు రాల్చి పూత పూస్తుంది. తియ్యని పూరేకుల కోసం రాత్రి పండ్ల గబ్బిలాలు వస్తాయి. వాటి మూతికి, బొచ్చుకు అంటిన పుప్పొడి మరో చెట్టుకు చేరుతుంది. తెల్లవారేసరికి రాలిన పూలను గోండులు ఏరుకుంటారు. అలాంటి జీవిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో చేర్చింది! 2022 సవరణతోగాని ఆ జాబితా పోలేదు. చట్టం మారినా, అపశకునమని చెట్టు కొట్టేసేవారు ఇంకా ఉన్నారు.

టార్చిలైటు తప్పనిసరి. దాని అద్దానికి ఎర్ర గాజుకాగితం కట్టండి. ఎర్రని వెలుగు గబ్బిలాలను అంతగా బెదిరించదు. నడిచేటప్పుడు మాత్రం కాగితం తీసి వెలుగు దారి మీదే వేయండి. కట్లపాము, రక్తపింజర తిరిగే వేళ అది. కాళ్లకు బూట్లుండాలి. చెట్టుకింద నిలబడితే పైనుంచి ఏం పడుతుందో చెప్పలేం కనుక టోపీ కూడా!

ఒక తాళంచెవుల గుత్తి కూడా వేసుకోండి. పెంకుటింటి సందుల్లోంచి వచ్చే చిన్న గబ్బిలాలు నాలుగైదు గ్రాములే తూగుతాయి. అవి అరుస్తూ, ఆ అరుపుల ప్రతిధ్వనితో పురుగులను పట్టుకుంటాయి. మన చెవి సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వనిని వినలేదు. వాటి కేకలు చాలావరకు అంతకు మించినవే. అమెరికాలో గ్రిఫిన్, గాలంబోస్ అనే యువకులు 1940 ప్రాంతంలో దీన్ని రుజువు చేశారు. తాళంచెవులు గలగలలాడినప్పుడు అలాంటి ధ్వని కొంత పుడుతుంది. వీధిదీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల దగ్గర గుత్తిని ఆడించి చూడండి. వాటిలో కొన్ని గబ్బిలమే వచ్చిందనుకుని చటుక్కున పక్కకు తిరుగుతాయి, లేదా కిందపడతాయి. పెద్ద పండ్ల గబ్బిలాలకు ఈ విద్య లేదు. వాటికి కళ్లూ ముక్కే ఆధారం.

ఇంట్లో వదిలిపెట్టి వెళ్లవలసినవి కర్ర, టపాకాయలు, ఉండేలు. కిందపడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోరాదు. అది కొరికిన పండు తినరాదు. పొరపాటున కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంటసేపు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అందుకని సంచిలో సబ్బుబిళ్ల, నీళ్లసీసా ఉండాలి. కరీంనగర్ దగ్గరి ఎలగందుల కోటవంటి పాత కట్టడాలకు వెళ్తే చీకటిగదుల్లో దూరకండి. బయటే నిలబడండి, లోపల ఉన్నవి ఎలాగూ బయటికి వస్తాయి.

పెద్దవాళ్లెవరైనా వెంట ఉండాలి. కవ్వాల్ పులుల అభయారణ్యం దరిదాపుల్లో ఉన్నవారు చీకటిపడ్డాక అడవిలోకి పోరాదు. ఊరి పొలంగట్టున ఉన్న ఇప్పచెట్టు చాలు. అడవిలోని ఇప్పచెట్టు కిందికి ఎలుగుబంటి కూడా వస్తుంది. దానికీ ఆ పూలంటే మహా ఇష్టం!