అల్యూమినియం పడవకు వేట సామగ్రి: బిగించే ముందు మూడు ప్రశ్నలు

అమెరికా, కెనడా దేశాల సరిహద్దున ఐదు మహా సరస్సులు ఉన్నాయి. వాటి పరిసరాలలోని మిషిగన్, ఒంటారియో వంటి ప్రాంతాలలో నేడు అనేక తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. సెలవు దినాన చిన్న పడవలో చేపల వేటకు వెళ్లడం అక్కడి జీవనంలో భాగం. ఆ పడవల్లో అల్యూమినియంతో చేసినవి ఎన్నో కనిపిస్తాయి. మన కోస్తాలో చెక్క తెప్పల స్థానంలోకి ఫైబర్ పడవలు వచ్చాయి గాని, అల్యూమినియం పడవ మనకు అంతగా పరిచయం లేనిది. కనుక దానికి వేట సామగ్రిని ఎలా బిగించాలో, ఎలా బిగించకూడదో ఇక్కడ వివరించదలచాము.

1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరుణంలో, విమానాలు తయారుచేసే గ్రమ్మన్ సంస్థ అల్యూమినియంతో చిన్న పడవలు చేయడం ఆరంభించింది. ఉక్కుతో పోల్చితే ఈ లోహం బరువు మూడవ వంతు మాత్రమే. అందుకే ఇద్దరు మనుషులు సులభంగా నీటిలోకి దింపగల పడవ సాధ్యమైంది. కాని ఆ తేలికదనం రేకు పలుచదనం వల్లనే వచ్చింది. చిన్న పడవల్లో దాని మందం సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లు. మనిషికీ, నీటికీ మధ్య ఉన్న అడ్డు అంతే.

1966లో మిషిగన్ అధికారులు కోహో సాల్మన్ చేప పిల్లలను అక్కడి నదుల్లో వదిలారు. మరుసటి ఏడాదికే అవి పెద్దవై తిరిగి రాగా, వేలాది మంది చిన్న పడవలతో సరస్సు మీదికి వెళ్లారు. 1967 సెప్టెంబరులో తుఫాను హెచ్చరికను లక్ష్యపెట్టక వెళ్లినవారిలో ఏడుగురు ప్లాట్ నది ముఖద్వారం సమీపాన ప్రాణాలు కోల్పోయారు. చిన్న పడవ విషయంలో ఉపేక్ష ఎంత ఖరీదైనదో ఆ సంఘటన చాటుతున్నది. అందువలన ఏ వస్తువు బిగించినా ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: రంధ్రం ఎక్కడ?

గాలపు కర్రను నిలబెట్టే పట్టును రాడ్ హోల్డర్ అంటారు. దీనిని పలుచని అంచు రేకుకు నేరుగా మరలతో బిగించడం పొరపాటు. రెండు మీటర్ల కర్ర కొసను చేప రెండు కిలోల బలంతో లాగిందనుకుందాం. పట్టు అడుగు భాగం పది సెంటీమీటర్ల వెడల్పే ఉంటే, దాని మరపై పడే లాగుడు సుమారు నలభై కిలోలు. రేకు చిరగడానికి ఇది చాలు. కనుక రేకు వెనుక మందమైన అల్యూమినియం పలకను ఆనించి, రెండింటినీ కలిపి బోల్టులతో బిగించాలి. అంచుకు పట్టుకునే బిగింపు రకం దొరికితే రంధ్రమే అవసరం ఉండదు.

చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌కు ధ్వనిని పంపే భాగం ట్రాన్స్‌డ్యూసర్. ఇది పడవ వెనుక గోడకు, ఇంజను పంకాకు దూరంగా ఉండాలి. రివెట్ల వరుస వెనుక బిగిస్తే, అక్కడ పుట్టే బుడగలు ధ్వనిని చెదరగొడతాయి. గార్మిన్ సంస్థ సూచనల ప్రకారం ఇది ఫైబర్ పడవకు అడుగు మట్టం కంటే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియం పడవకు 10 మిల్లీమీటర్లు దిగువన ఉండాలి. సరైన చోటు కోసం పలుమార్లు రంధ్రాలు చేయడం కంటే, మొదట ఒక ప్లాస్టిక్ పలకను గోడకు స్థిరంగా బిగించి, ఆ పలకపైనే మార్పులు చేసుకోవడం మేలు. నీటి మట్టానికి దిగువన చేసిన ప్రతి రంధ్రాన్నీ పడవలకు వాడే సీలెంటుతో మూయాలి. డ్రిల్లు పెట్టేముందు వెనుకవైపు తీగలు గాని, ఇంధన ట్యాంకు గాని ఉన్నాయేమో చూడడం మరువరాదు.

రెండవ ప్రశ్న: ఏ లోహం దేనిని తాకుతున్నది?

ఉప్పు వేసిన పదార్థాన్ని అల్యూమినియం గిన్నెలో ఎక్కువ కాలం నిలవ ఉంచితే సన్నని గుంటలు పడడం మన గృహిణులకు తెలిసిన విషయమే. వేరొక లోహం తోడైతే ఈ హాని మరింత పెరుగుతుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిస్తే బ్యాటరీలో వలె సూక్ష్మ విద్యుత్తు పుట్టి, వాటిలో బలహీనమైనది కరుగుతుంది. రాగి, ఇత్తడి, ఉక్కుల సరసన కరిగేది అల్యూమినియమే. పడవ అడుగున తడిలో పడి ఉన్న ఒక రాగి నాణెం సైతం కాలక్రమంలో రేకుకు చిల్లు చేయగలదు.

కనుక ఇత్తడి మరలు వాడరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడినప్పుడు నైలాన్ వాషర్లు వేసి, తుప్పును నిరోధించే లేపనం పూయాలి. వెనుక గోడలోని చెక్కను మార్చవలసి వస్తే రాగి లవణాలతో శుద్ధి చేసిన చెక్క పనికిరాదు. కారులో వలె పడవ లోహాన్ని విద్యుత్తు తిరుగు మార్గంగా వాడడం కూడా రేకును తినివేస్తుంది. ప్రతి పరికరానికీ రెండు తీగలు వేరుగా వేసి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు అమర్చాలి.

మూడవ ప్రశ్న: బరువు ఎంత?

అమెరికాలో 1972 నవంబరు నుండి తయారైన 20 అడుగుల లోపు మోటారు పడవలకు, కొద్ది రకాలు మినహా, సామర్థ్య ఫలకం తప్పనిసరి. ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోయవచ్చో అందులో ఉంటుంది. పెద్ద సీసపు బ్యాటరీ ఒక్కటే ఇరవై అయిదు కిలోలకు పైగా తూగవచ్చు. రెండు బ్యాటరీలు, ఒక చిన్న విద్యుత్ మోటారు, లోతుకు గాలం దింపే డౌన్‌రిగ్గర్లు, వాటి బరువు గుండ్లు కలిపితే, కనిపించని మరొక మనిషి పడవ ఎక్కినట్లే. ఆ మేరకు కూర్చునేవారిని తగ్గించాలి. బరువంతా వెనుకనే పేరిస్తే చిన్న అల సైతం లోపలికి వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. సామగ్రికి చోటు కోసం కొందరు బల్లలను కోసి, వాటి కింద ఉన్న నురుగు దిమ్మలను తీసివేస్తారు. అది ఖాళీని నింపడానికి పెట్టినది కాదు. పడవ నీటితో నిండినా మునగకుండా తేల్చి ఉంచేది అదే. దానిని తీసివేస్తే పట్టుకొని ప్రాణం నిలుపుకోవలసిన పడవే అడుగుకు చేరుతుంది.

చివరగా మేము సూచించేది ఇది. సామగ్రిని ముందు టేపుతో తాత్కాలికంగా నిలిపి, కర్ర చేతబట్టి కూర్చొని, చేయి అందుతున్నదో లేదో చూడాలి. ఆ తరువాతనే డ్రిల్లు పట్టాలి. పని ముగిశాక పడవ ట్రైలర్ మీద ఉండగానే లోపల కొద్దిగా నీరు పోసి, బయట ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టి సరిచేయాలి. లోపం ఒడ్డున బయటపడితే పోయేది ఒక పూట మాత్రమే. పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగి వారిని పడవ ఎక్కించడం ఆ తరువాతి మాట.