లేజర్ కాంతి ప్రసారం ద్వారా వాతావరణ సంక్షోభాన్ని కొలవడం: సూత్రం, పరిమితి

1. ఉపోద్ఘాతం:

వేసవి మధ్యాహ్నం కాగిన నేల మీదుగా చూస్తే దూరాన ఉన్న చెట్లు, గోడలు కదలాడుతున్నట్లు కనిపిస్తాయి. రాత్రివేళ నక్షత్రాలు మిణుకుమంటాయి. రెండింటికీ మూలం ఒక్కటే: వెచ్చని గాలి, చల్లని గాలి సుళ్లు తిరుగుతూ క్రమరహితంగా కలవడం. దీనినే వాతావరణ సంక్షోభం అంటారు. ఖగోళ పరిశీలకులకు ఇది అవరోధం. వాతావరణ శాస్త్రజ్ఞులకు ఇదే ఆధారం. కాంతి ఎంతగా చలించిందో తెలిస్తే, అది దాటివచ్చిన గాలి స్థితిని లెక్కకట్టవచ్చు. ఆ లెక్క ఎంతవరకు నమ్మదగినదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సూత్రం:

దృశ్యకాంతి విషయంలో గాలి వక్రీభవన గుణకంలోని హెచ్చుతగ్గులకు ప్రధాన కారణం ఉష్ణోగ్రత. నేల సమీపంలో 1 డిగ్రీ సెల్సియస్ తేడాకు ఆ గుణకం సుమారు పదిలక్షలలో ఒక వంతు మాత్రమే మారుతుంది. మార్పు అత్యల్పమే అయినా, దారి పొడవునా ఉన్న సుళ్లు బలహీనమైన కటకాల వలె పనిచేసి కాంతిని ఒకచోట కూడగడతాయి, మరొకచోట చెదరగొడతాయి. అందువల్ల గ్రాహకాన్ని చేరే కాంతి తీవ్రత క్షణక్షణం మారుతుంది.

పెద్ద సుళ్ల శక్తి అంచెలంచెలుగా చిన్న సుళ్లకు చేరే తీరుకు ఆంద్రేయ్ కొల్మొగొరోవ్ 1941లో గణాంక నియమాన్ని ప్రతిపాదించాడు. ఆ పునాదిపై తతార్‌స్కీ సంక్షుబ్ధ యానకంలో తరంగ ప్రసార సిద్ధాంతాన్ని విస్తరించాడు. వక్రీభవన గుణకంలోని హెచ్చుతగ్గుల బలాన్ని తెలిపే 'నిర్మాణ రాశి' ఇందులో కీలకం. మీటరు −2/3 ఘాతం దీని ప్రమాణం. ప్రశాంతమైన గాలిలో ఇది 10⁻¹⁶ లేదా అంతకంటే తక్కువగాను, తీవ్రమైన ఎండవేళ నేల సమీపాన 10⁻¹³ స్థాయిలోను ఉంటుంది.

3. కొలిచే విధానం:

ఒక చివర లేజర్‌ను, మరొక చివర చిన్న ద్వారం గల గ్రాహకాన్ని అమర్చి, కాంతి తీవ్రతను వేగంగా నమోదు చేస్తారు. తీవ్రత సంవర్గమానపు విస్తృతిని గణించి, దాని నుంచి నిర్మాణ రాశిని రాబడతారు. 633 నానోమీటర్ల ఎర్రని కాంతి 1 కిలోమీటరు ప్రయాణిస్తే, సుమారు 2.5 సెంటీమీటర్ల పరిమాణం గల సుళ్ల ప్రభావం అధికంగా ఉంటుంది. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే కొలత ఇది.

4. పరిమితి:

పై దూరానికి నిర్మాణ రాశి 10⁻¹⁴ అయితే, సమతల తరంగ సిద్ధాంతం ప్రకారం విస్తృతి దాదాపు 0.57. అదే రాశి 10⁻¹³కు పెరిగితే సిద్ధాంతం 5.7 అని చెబుతుంది. వాస్తవ కొలత మాత్రం అంత పెరగదు. ఈ సంతృప్తతను గ్రాచెవా, గుర్విచ్ 1965లో వెల్లడించారు. ఒక హద్దు దాటాక సంక్షోభం పెరుగుతున్నా మిణుకు పెరగదు, పైగా కొంత తగ్గుతుంది. అంటే ఒకే కొలతకు రెండు సమాధానాలు ఉండవచ్చు.

దీని పర్యవసానం చిన్నది కాదు. నేలకు చేరిన నికర శక్తి నుంచి మట్టిలోకి ఇంకిన ఉష్ణాన్ని, గాలికి చేరిన ఉష్ణాన్ని తీసివేసి, మిగిలినదానిని నీటి ఆవిరికి ఖర్చయిన శక్తిగా భావిస్తారు. సంక్షోభాన్ని తక్కువగా గణిస్తే గాలికి చేరిన ఉష్ణం తగ్గి, పొలం నుంచి ఆవిరైన నీరు ఎక్కువగా లెక్కకు వస్తుంది. సాగునీటి అంచనా అక్కడే తప్పుతుంది.

పరిష్కారాలు రెండు. దూరాన్ని 200 మీటర్లకు తగ్గిస్తే, 10⁻¹³ వద్ద కూడా విస్తృతి 0.3 దాటదు, అయితే కొలత ప్రాతినిధ్యం వహించే ప్రాంతం కుదించుకుపోతుంది. వాంగ్, ఓక్స్, క్లిఫర్డ్ 1978లో ప్రతిపాదించిన మార్గం పెద్ద ద్వారాలను వాడడం. చిన్న సుళ్ల ప్రభావం ద్వారం వైశాల్యంలో సగటుపడిపోవడం వల్ల సంతృప్తత ఆలస్యమవుతుంది, కిలోమీటర్ల దూరానికీ కొలత సాధ్యమవుతుంది.

5. ముగింపు:

కాంతి నిలకడగా ఉన్నంత మాత్రాన గాలి ప్రశాంతంగా ఉందని తేల్చడానికి వీలులేదు. సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు నేల, గాలి ఉష్ణోగ్రతలు సమానమయ్యే కొద్దిసేపు మిణుకు నిజంగానే తగ్గుతుంది. మధ్యాహ్నం మిణుకు పెరగకపోవడానికి కారణం మాత్రం సంతృప్తత కావచ్చు. కాబట్టి దూరం, తరంగదైర్ఘ్యం, ద్వారం పరిమాణం, కొలిచిన సమయం తెలిపినప్పుడే నిర్మాణ రాశి విలువకు ప్రామాణికత లభిస్తుంది.