కొండ కాలినా చెట్టు చావలేదు
మంటల తర్వాత తొందరపడి గొడ్డలి వేస్తే నష్టం పల్లెలకే

తిరుపతి: ఎండలు ముదిరాయంటే శేషాచలం కొండల కింది పల్లెల వాళ్ల చూపు రాత్రిపూట కొండ మీదికే పోతుంది. ఎర్రటి గీతలా మంట కదిలితే ఆ ఏడాది మేత పోయినట్టే. 2014 మార్చిలో తిరుమల కొండల్లో లేచిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లే రావలసి వచ్చింది. మంట ఆరడం అందరూ చూస్తారు. ఆ తర్వాత అడవి సంగతి పట్టించుకునేవారు తక్కువ.

మాడిన మానుకూ ప్రాణం

"కాలిన చెట్లే గదా, కొట్టుకుంటే తప్పేమిటి?" అనేవారున్నారు. అక్కడే పొరపాటు. మన కొండల్లో మంట ఎక్కువగా ఎండిన బోదగడ్డిని, రాలిన ఆకును పట్టుకుని నేల మీదే పాకుతుంది. బెరడు మాడినా లోపల పచ్చి మిగిలే చెట్లు అనేకం. ఎర్రచందనం మొదలు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. నాలుగు వానలు పడే దాకా ఆగితే ఏది బతికిందో, ఏది చచ్చిందో తేలిపోతుంది. చచ్చిన మాన్లలోనూ కొన్ని ఉండాలి. వాటి తొర్రల్లో పక్షులు గూళ్లు పెడతాయి. పడిపోయిన మాను వాలుకు అడ్డంగా ఉంటే మట్టిని ఆపుతుంది.

చట్టం ఏమంటోంది?

ఎర్రచందనం దుంగ కాలినా ప్రభుత్వ సొత్తే. భుజాన వేసుకుంటే కేసే. ఈ కొండల్లో కొంత భాగం 1989 నుంచి శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు. వన్యప్రాణుల మేలుకు తప్ప పార్కులోంచి కలప తీయరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. అలా తీసిన దాన్ని వ్యాపారానికి వాడరాదు గాని, చుట్టుపక్కల ప్రజల సొంత అవసరాలకు ఇవ్వవచ్చు. ఈ మాట పల్లెల వాళ్లు గుర్తుంచుకుని అడగాలి.

చెరువుకూ ముప్పే

గడ్డి, ఆకు కాలిపోయిన వాలు మీద మొదటి వాన పడితే బూడిదతో పాటు పైమట్టి కొట్టుకొస్తుంది. అది చేరేది కింది చెరువులోకే. అందుకని వానలకు ముందే కాంటూరు కందకాలు తవ్వాలి, వాగుల్లో రాతి కట్టలు వేయాలి. ఈ పనులు ఊరి కూలీలకే ఇస్తే కూలి గిట్టుతుంది, అడవి మీద కాపలా కూడా పెరుగుతుంది.

పిలకలు ఎదిగే దాకా మేకలను, గొర్రెలను ఆ పక్కకు తోలరాదు. మరి మంద ఎక్కడికి పోవాలి? కాపరికి మరో మేత చోటు చూపకుండా "రావద్దు" అంటే ఆ మాట నిలవదు. అధికారులు ఈ సంగతి ముందే ఆలోచించాలి.

కొత్త గడ్డి మొలుస్తుందని నిప్పు పెట్టేవారు, ఆర్పని బీడీ పారేసేవారు కూడా ఒకటి గమనించాలి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. గడ్డి వచ్చేది ఒక్క కారుకే. పోయిన మట్టి మన పిల్లల కాలానికి కూడా తిరిగి రాదు.