చిత్రకళ చదువు: అన్నారం, బూరుగుపల్లి దారులు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో బొమ్మకు రంగు వేయడం నేర్చుకోవడానికి తరతరాలుగా ఉన్న బడి ఇల్లే. నిర్మల్‌లోని నకాషీ కుటుంబాలలో పిల్లలు పెద్దల పక్కన కూర్చొని, తేలికైన పొనికి కర్రను చెక్కడం, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చడం, ఆరిన తరువాత నునుపు చేసి రంగులద్దడం చేతిపనిగానే అలవరచుకొనేవారు. ఆ పద్ధతిలో పరీక్ష లేదు, పట్టా లేదు. పెద్దవాడి గీతకూ చిన్నవాడి గీతకూ తేడా కనిపించనినాడు చదువు ముగిసినట్టే లెక్క. ఎవరైనా ప్రవేశ పరీక్ష రాసి, పాఠ్యప్రణాళిక ప్రకారం కొన్నేళ్లు చిత్రరచన అభ్యసించి, చివరకు గురువు గీతకు భిన్నమైన తన గీతను చూపించవలసిన కళాశాల చదువు దీనికి పూర్తిగా వేరు. అది మన దేశానికి బ్రిటిష్ పాలనలో వచ్చింది. బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో మొదలైంది. దానిలోని ఐరోపా ధోరణికి ప్రత్యామ్నాయంగా శాంతినికేతన్ కళాభవన్ 1919లో ఏర్పడింది. హైదరాబాద్ లలితకళల కళాశాల 1940లో, బరోడా విశ్వవిద్యాలయపు ఫైన్ ఆర్ట్స్ విభాగం 1950లో వచ్చాయి.

ఆదిలాబాద్‌కు పొరుగునున్న కరీంనగర్ ప్రాంతం నుంచి ఈ కళాశాల చదువుకు వెళ్లిన తొలితరం వారిలో ప్రముఖుడు పాకాల తిరుమల్ రెడ్డి. పి.టి. రెడ్డిగా పేరుపొందిన ఆయన 1915లో అన్నారం గ్రామంలో జన్మించి, జె.జె. స్కూల్‌లో చదివి, 1939లో డిప్లొమా పొందారు. ఆనాటి జె.జె. శిక్షణలో గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్లను ఎదురుగా పెట్టి, వెలుగునీడలు తప్పకుండా గీయించడం ప్రధానం. పోలిక ఎంత కచ్చితంగా కుదిరితే విద్యార్థి అంత సమర్థుడు. చదువు ముగిసిన రెండేళ్లకే, అంటే 1941లో, రెడ్డి మరికొందరు మిత్రులతో కలిసి ఆ కట్టుబాటు నుంచి బయటపడే ఒక యువ బృందంగా ఏర్పడ్డారు. హుసేన్, సూజా, రజాల పేర్లతో ముడిపడిన ప్రోగ్రెసివ్ బృందం 1947లో వచ్చిందని గుర్తుచేసుకుంటే, భారతీయ ఆధునిక చిత్రకళ చరిత్రలో ఈ తెలంగాణ చిత్రకారుడికి దక్కవలసినంత చోటు దక్కలేదనే చెప్పాలి.

అయితే నకలు గీయించే శిక్షణను తీసిపారేయడానికి వీల్లేదు. ఇవాళ కూడా నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే లలితకళల పట్టా కోర్సులో చేరిన విద్యార్థి తొలి నెలలన్నీ దాదాపు అదే పనిలో గడుపుతాడు. బల్ల మీద ఒక చెంబు, రెండు ఉల్లిగడ్డలు, ముడతలు పడేలా పరచిన గుడ్డ పెట్టి గీయించే అభ్యాసాన్ని స్టిల్ లైఫ్ అంటారు. విద్యార్థి ఒక కన్ను మూసి, చేయి చాచి, పెన్సిల్ కొనకూ బొటనవేలికీ మధ్య చెంబు ఎత్తును కొలుచుకొని, ఆ కొలతతో దాని వెడల్పును, పక్కనున్న ఉల్లిగడ్డను పోల్చుకుంటాడు. చెంబు మూతి గుండ్రమని మనసుకు తెలిసినా కంటికి కోలగా కనిపిస్తుంది కనుక, తెలిసినదాన్ని పక్కన పెట్టి కనిపించినదాన్ని గీయడమే అక్కడి అసలు పాఠం. ఆ తరువాత గుడ్డ మడతల్లో అన్నిటికంటే నల్లని చోటు ఏది, చెంబు అంచున తెల్లకాగితాన్ని అలాగే వదలవలసిన చోటు ఏది అని వెతకాలి. దీని తరువాత తలను, కూర్చున్న మనిషిని, ఒంటి నిర్మాణాన్ని ఎదురుగా చూసి గీసే లైఫ్ స్టడీ వస్తుంది. ఆరుబయట గీసే ప్రకృతి దృశ్యం, అనేక ఆకారాలను ఒకే చట్రంలో పొందికగా అమర్చే కూర్పు, చూడకుండా జ్ఞాపకం మీద గీసే మెమరీ డ్రాయింగ్, కళాచరిత్ర కూడా పాఠ్యాంశాలే. మైనం పూసిన లోహపు పలక మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, గీత గుంటపడ్డ చోట సిరా నింపి కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్ కూడా నేర్పుతారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్, బరోడాలలో చదివిన కె. లక్ష్మాగౌడ్ దేశవ్యాప్త గుర్తింపు తెచ్చుకున్నది ప్రధానంగా ఈ ఎచింగ్‌లతోనే.

చేయి ఇంతగా కుదిరిన తరువాత ఏమి గీయాలన్న ప్రశ్న వస్తుంది, దానికి పాఠ్యప్రణాళికలో జవాబు ఉండదు. తోట వైకుంఠం ఉదాహరణ ఇక్కడే పనికివస్తుంది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన హైదరాబాద్ కళాశాలలో చదివి, లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తో బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. శాంతినికేతన్‌లో చదివి వచ్చిన సుబ్రహ్మణ్యన్‌కు జానపద కళకూ పెద్ద కళకూ నడుమ గోడ కట్టడం ఇష్టం లేదు. బరోడా కళామేళాల కోసం ఆయన స్వయంగా కొయ్యబొమ్మలు చేసేవారు. నిర్మల్ బొమ్మల ప్రాంతానికి పొరుగు నుంచి వచ్చిన విద్యార్థికి అంతటి ఆచార్యుడు కొయ్యబొమ్మతో ఎదురుపడడం చిత్రమైన సంగతే. నుదుటిన పెద్ద బొట్టు, పసుపు, మెడనిండా నగలు, ముదురు రంగు చీర గల తెలంగాణ పల్లె స్త్రీలు, తలపాగా చుట్టిన పురుషులు తరువాతి కాలంలో వైకుంఠం కాన్వాసుల నిండా చేరారు. చిన్ననాట ఊరికి వచ్చిన నాటక బృందాలలో స్త్రీ వేషం కట్టిన మగవారి అలంకరణ కూడా ఆయన ముఖచిత్రణకు మూలాలలో ఒకటి. కలగలిపిన బూడిద ఛాయలను వదిలి ఎరుపు, కాషాయం, ఆకుపచ్చలను నిండుగా వాడడం ఆయన ముద్ర. ఇంట్లోనే ఉన్న విషయాన్ని గుర్తించడానికి బరోడా దాకా వెళ్లాలా అని ఎవరైనా అడగవచ్చు. రోజూ చూసే కళ్లకు ఆ చీరలు, ఆ బొట్లు బొమ్మ గీయదగ్గవిగా తోచకపోవచ్చన్నది జవాబు. ఆ పరిశీలన సినిమాకూ పనికివచ్చింది: బి. నరసింగరావు తీసిన ‘దాసి’ (1988)లో దొర గడీ వాతావరణాన్ని కల్పించినందుకు వైకుంఠానికి కళాదర్శకత్వంలో జాతీయ పురస్కారం లభించింది.

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని మంచిర్యాల వంటి ఊరి విద్యార్థికి నేడు దగ్గర దారి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమే. పాత హైదరాబాద్ కళాశాల జేఎన్‌టీయూలో భాగమై, 2008 నుంచి ఈ ప్రత్యేక విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఇంటర్మీడియట్ తరువాత రాసే దీని ప్రవేశ పరీక్షలో ఇంజనీరింగ్ పరీక్షలా లెక్కలు ఉండవు కానీ చూడకుండా గీసే మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. సంతనో రైల్వే ప్లాట్‌ఫారాన్నో బొమ్మ కట్టమంటే, బొగ్గుగని దగ్గర షిఫ్టు మారే వేళ కార్మికులు నిలబడే తీరును, తట్ట ఎత్తుకున్న మనిషి మెడ నిలిచే తీరును గమనించిన పిల్లవాడికి కోచింగ్ గైడు అవసరం అంతగా ఉండదు.

డిగ్రీ దాకా వెళ్లలేనివారికి జిల్లాల్లో ఇంకో పాత దారి ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తిచేస్తే బడిలో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగానికి అర్హత వస్తుంది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డు రాసేవారి కుంచెను మూలన పెట్టిన తరువాత, చిన్న పట్టణాలలో బొమ్మలు గీసే యువకులు ఈ పరీక్షలను చిన్నచూపు చూడడం తగదు. పి.టి. రెడ్డి, వైకుంఠం వంటి పేర్లను పదో తరగతి లోపే ఒక విద్యార్థి వినాలంటే, ఆ బడిలో డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉండకూడదు.